ఆకస్మిక నడుము నొప్పి: కారణాలు

చివరి పక్కటెముకల అంచు మొదలు పిరుదుల కింది ముడతల వరకు, శరీరపు వెనుక భాగంలో అప్పటికప్పుడు గాని కొద్ది గంటల వ్యవధిలో గాని మొదలయ్యే నొప్పిని ఆకస్మిక నడుము నొప్పి అంటారు. వాడుకలో 'నడుము పట్టేసింది', 'కలుక్కుమంది' అని చెప్పుకునేది చాలావరకు ఇదే. మొదలైన ఆరు వారాల లోపు ఉన్న నొప్పిని వైద్యులు తీవ్ర దశగాను, ఆరు నుంచి పన్నెండు వారాల వరకు ఉపతీవ్ర దశగాను, పన్నెండు వారాలు దాటితే దీర్ఘకాలిక వ్యాధిగాను పరిగణిస్తారు. కాబట్టి ఈ విభజనలో 'తీవ్ర' అన్నది నొప్పి ఎంత గట్టిదో చెప్పేది కాదు, ఎంత కొత్తదో చెప్పేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచమంతటా సుమారు 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు; 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందని అంచనా. మనుషులను పనికి దూరం చేసే కారణాలలో ఇది మొదటి స్థానంలో ఉంది.

ఇంత సాధారణమైన బాధకు కారణం మాత్రం అంత తేలికగా దొరకదు. వైద్యుని దగ్గరికి వచ్చేవారిలో నూటికి సుమారు తొంభై మంది విషయంలో నొప్పి ఫలానా కండరం నుంచో, ఫలానా కీలు నుంచో పుడుతున్నదని ఏ పరీక్షా రుజువు చేయలేదు. అటువంటి నొప్పిని నిర్దిష్ట కారణం లేని నడుము నొప్పి అంటారు. ఈ మాటకు కారణం లేదని గాని, నొప్పి ఊహాజనితమని గాని అర్థం చెప్పుకోరాదు. కారణాన్ని వేరుచేసి చూపే సాధనం లేదని, చూపగలిగినా చికిత్స మారదని మాత్రమే దాని భావం. మిగిలిన పది మందిలో ఎక్కువమందికి నాడి ఒరిపిడి గాని ఎముక విరగడం గాని ఉండగా, క్షయ, క్యాన్సర్, ఇతర అవయవాల వ్యాధి వంటివి చాలా కొద్దిమందిలోనే కనిపిస్తాయి. ఈ కొద్దిమందిని తక్కినవారిలోంచి వెతికి పట్టుకోవడమే నడుము నొప్పి వైద్యంలో అసలైన నేర్పు.

నడుము భాగంలో వెన్నెముకకు అయిదు పెద్ద వెన్నుపూసలు ఉంటాయి. వీటిని కటి వెన్నుపూసలని, వాటి కింద కలిసిపోయి ఒకే ఎముకగా ఏర్పడిన భాగాన్ని త్రికాస్థి అని పిలుస్తారు. రెండు వెన్నుపూసల నడుమ ఉండే మెత్తని బిళ్ళే డిస్కు. బయట గట్టి నారపొరలు వలయాలుగా చుట్టుకొని, లోపల నీరు నిండిన గుజ్జు ఉండే ఈ నిర్మాణం తాటిముంజను తలపిస్తుంది. పుట్టినప్పుడు ఆ గుజ్జులో దాదాపు 90 శాతం నీరే; వృద్ధాప్యానికి అది 70 శాతానికి దిగుతుంది. వయసు వచ్చినవారి శరీరంలో రక్తనాళాలు లేని అతిపెద్ద నిర్మాణం డిస్కే కావడం వల్ల, దానికి ఆహారం పైనా కిందా ఉన్న ఎముక పలకల గుండా ఊరి అందవలసిందే, గాయమైతే మానడమూ అంత నిదానంగా జరగవలసిందే. నొప్పిని గ్రహించే నాడులు సాధారణంగా డిస్కు వెలుపలి పొరల్లో మాత్రమే ఉంటాయి. లోపలి పొరలు ఏళ్ళ తరబడి చీలుతూ వచ్చినా మనిషికి తెలియకపోవడానికీ, చీలిక వెలుపలి పొరను తాకిన నాడు ఒక్కసారిగా తెలియడానికీ ఇదే కారణం. వెన్నుపూసల వెనుక వైపు ఒకదానినొకటి కలిపే చిన్న కీళ్ళు, ఎముకలను బిగించే సంధిబంధనాలు, వెన్నును నిలబెట్టే పొడవాటి కండరాలు కూడా నొప్పికి పుట్టిళ్ళు కాగలవు. మెదడు నుంచి దిగివచ్చే వెన్నుపాము మొదటి లేదా రెండవ కటి వెన్నుపూస దగ్గరే ముగిసి, అక్కడి నుంచి నాడుల కుచ్చుగా సాగుతుంది.

ఆకస్మిక నొప్పులలో ఎక్కువ వాటిని కండరం లేదా సంధిబంధనం బెణకడంగా చెబుతారు. బరువెత్తినప్పుడో, ఒక్కసారిగా పక్కకు తిరిగినప్పుడో, తుమ్మినప్పుడో ఈ కణజాలంలో సూక్ష్మమైన చీలికలు ఏర్పడి వాపు వస్తుందని, ఆ ప్రాంతాన్ని కదలనీయకుండా చుట్టుపక్కల కండరాలు బిగుసుకుంటాయని వివరిస్తారు. నడుము ఒక పక్కకు ఒరిగిపోవడం, మంచం మీద నుంచి లేవలేకపోవడం ఈ బిగుతు వల్లనే. అయితే బెణుకు అన్న నిర్ధారణ చాలాసార్లు ఇతర కారణాలు కనబడనందున చేసే ఊహేనని ఒప్పుకోవాలి. చీలికను ఎక్స్‌రే చూపదు, ఎమ్మారై కూడా అరుదుగానే చూపుతుంది.

నొప్పి మొదలైన క్షణానికి ముందు ఏం జరిగిందన్న ప్రశ్న మీద ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో జరిగి 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన విలువైనది. అందులో 999 మంది రోగులను, నొప్పి మొదలయ్యే ముందు రెండు గంటల్లో ఏం చేశారో, అంతకు ముందు రోజుల్లో అదే సమయానికి ఏం చేశారో అడిగి పోల్చారు. వంకర భంగిమలో బరువెత్తడం, అలసట ప్రమాదాన్ని పెంచాయి. వీటన్నిటికంటే ఎక్కువగా పెంచినది పని చేస్తూండగా ధ్యాస మరలడం. నొప్పి మొదలైన వేళల్లో ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం వరకు ఉన్న కాలమే అధికం. ఈ ఉదయపు వేళకు శరీరనిర్మాణంలోనే ఒక సమాధానం ఉంది. రాత్రి పడుకున్నప్పుడు డిస్కుల మీద బరువు తగ్గి అవి నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి, మనిషి పొద్దున్న లేచేసరికి సాయంత్రం కంటే ఒక శాతం వరకు పొడవుగా ఉంటాడు. అలా ఉబ్బిన డిస్కు ముందుకు వంగినప్పుడు ఎక్కువ ఒత్తిడికి లోనవుతుంది. లేచిన వెంటనే వంగి నీళ్ళ బిందె ఎత్తడం, వాకిలి ఊడవడం వంటి పనులు కొందరికి ఎందుకు పడవో దీన్నిబట్టి ఊహించవచ్చు.

కాని ఎత్తిన బిందెనే దోషిగా నిలబెట్టడం సరికాదు. ఫిన్లాండు దేశంలో కవల సోదరుల వెన్నెముకలను దశాబ్దాల పాటు పరిశీలించిన అధ్యయనంలో, ఒకరు జీవితమంతా బరువులు మోసినా, మరొకరు కుర్చీలో కూర్చుని పని చేసినా వారి డిస్కుల అరుగుదలలో కనబడిన తేడా స్వల్పమే. వారసత్వం పాత్ర శ్రమ పాత్ర కంటే చాలా పెద్దదని తేలింది. వరి నాట్లలో రోజంతా వంగి ఉండే స్త్రీలకు, సిమెంటు బస్తాలు మోసే కూలీలకు, గతుకుల రోడ్ల మీద కుదుపులు భరించే ఆటో, లారీ డ్రైవర్లకు నడుము నొప్పి ఎక్కువన్నది నిజమే. అయితే శ్రమ నొప్పిని రేపినంత తేలికగా డిస్కును అరగదీయదు. నొప్పి పుట్టిన క్షణం చాలాసార్లు ఒక పాత కథకు చివరి పుట అవుతుంది తప్ప మొదటిది కాదు.

డిస్కు వెలుపలి పొర పూర్తిగా చిరిగి లోపలి గుజ్జు బయటికి తోసుకు రావడాన్ని డిస్కు జారడం అంటారు. నిజానికి డిస్కు ఎక్కడికీ జారదు. పైనా కిందా ఎముకలకు గట్టిగా అతుక్కునే ఉంటుంది, జారేది గుజ్జు మాత్రమే. ఈ గుజ్జు పక్కనే వెళ్ళే నాడీమూలాన్ని నొక్కడంతో పాటు రసాయనికంగా కూడా మండిస్తుంది. అప్పుడు నొప్పి నడుములో ఆగక పిరుదు, తొడ వెనుక భాగం, పిక్కల మీదుగా పాదం వరకు విద్యుత్తు పాకినట్లు దిగుతుంది, దగ్గినా తుమ్మినా పెరుగుతుంది. ఇదే సయాటికా. ఆయుర్వేదం దీనిని గృధ్రసి పేరుతో ఎరుగును; చరక సంహిత లెక్కించిన ఎనభై వాత వ్యాధులలో ఇదొకటి. ఇటలీ వైద్యుడు డొమెనికో కొటున్యో 1764లో ఇది కీలు జబ్బు కాదు, నాడి జబ్బు అని వేరుచేసి చెప్పాడు. దానికి డిస్కుతో ఉన్న సంబంధం నిలబడడానికి మాత్రం అమెరికాలోని బోస్టన్ శస్త్రవైద్యులు మిక్స్టర్, బార్ 1934లో ప్రచురించిన వ్యాసం వరకు ఆగవలసి వచ్చింది. జారిన డిస్కులలో నూటికి తొంభైకి పైగా చివరి రెండు కటి స్థానాల్లోనే ఉంటాయి. వెల్లకిలా పడుకున్న రోగి కాలిని మోకాలు వంచకుండా పైకెత్తితే, 30 నుంచి 70 డిగ్రీల మధ్య కాలి పొడవునా నొప్పి పాకడం నాడి ఒరిపిడికి సూచన. ఈ పరీక్షకు ఫ్రాన్సు వైద్యుడు లాసేగ్ పేరు స్థిరపడింది. జారిన గుజ్జును శరీరపు రక్షణ కణాలే క్రమంగా తినివేస్తాయి. పెద్ద ముక్క విడిపోయి పడినప్పుడు అది కరిగిపోయే అవకాశం మరింత ఎక్కువ.

మిక్స్టర్, బార్‌ల వ్యాసం తరువాత డిస్కుకు ఎంత ప్రతిష్ఠ వచ్చిందంటే, నడుము నొప్పి అనగానే డిస్కును వెతకడం ఒక అలవాటుగా మారింది. ఎమ్మారై వచ్చాక ఈ అలవాటు ముదిరింది. 1994లో ఒక అమెరికన్ పరిశోధక బృందం నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీసి చూడగా, అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవారు 36 శాతం మంది మాత్రమే; 52 శాతం మందిలో కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది. తరువాత అనేక అధ్యయనాలను కలిపి 2015లో వేసిన లెక్కలో, నొప్పి లేని ఇరవై ఏళ్ళవారిలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ళవారిలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనబడింది. అంటే నెరిసిన జుట్టు ఎంత జబ్బో, నివేదికలో 'అరుగుదల' అన్న మాట కూడా చాలాసార్లు అంతే జబ్బు. అందువల్ల ప్రమాద సూచనలు లేనప్పుడు మొదటి ఆరు వారాల్లో ఎక్స్‌రే గాని స్కాను గాని అక్కరలేదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పట్టణాల్లోని డయాగ్నస్టిక్ కేంద్రాల ముందు బారులు చూస్తే ఈ సలహా ఎంతవరకు చేరిందో తెలుస్తూనే ఉంటుంది.

వెన్నుపూసల వెనుక కీళ్ళ నుంచి, వెన్నెముక కటివలయంతో కలిసే త్రిక కీలు నుంచి కూడా నొప్పి ఒక్కసారిగా మొదలు కావచ్చు. గర్భిణులలో, ప్రసవం తరువాత ఈ రెండవది ఎక్కువ. లక్షణాలను బట్టి వీటిని బెణుకు నుంచి వేరుచేయడం కష్టం.

ఎముక విరగడం వేరే కథ. రుతుక్రమం ఆగిన స్త్రీలలో, ఉబ్బసానికో కీళ్ళవాతానికో దీర్ఘకాలం స్టిరాయిడ్లు వాడినవారిలో ఎముకలు గుల్లబారి, వెన్నుపూస తన బరువు తానే మోయలేక అణగిపోతుంది. కింద పడనక్కరలేదు, బకెట్టు ఎత్తినా, బస్సు కుదుపుకు సీటులో ఎగిరిపడినా చాలు. ఛాతీ భాగపు చివరి వెన్నుపూస, మొదటి కటి వెన్నుపూస ఇందుకు ఎక్కువగా గురవుతాయి. పెద్దవయసులో గూని రావడం, ఎత్తు తగ్గడం ఇలాంటివి గుర్తింపునకు రాకుండా జరిగిపోయాయనడానికి ఆనవాళ్ళు. యువకులలో దీనికి భిన్నమైన ఎముక గాయం ఒకటుంది. వెన్నును పదే పదే వెనక్కి వంచి మెలిపెట్టే క్రీడలలో వెన్నుపూస వెనుక కమానులో సన్నని చీలిక ఏర్పడుతుంది. క్రికెట్ ఫాస్టు బౌలర్లలో అది బంతి విసిరే చేతికి ఎదురు పక్కన రావడం ఎక్కువ. ఆస్ట్రేలియా బౌలర్ డెన్నిస్ లిల్లీ 1973 వెస్టిండీస్ పర్యటనలో, భారత బౌలర్ జస్‌ప్రీత్ బుమ్రా 2019లో ఈ గాయంతోనే ఆటకు దూరమయ్యారు. పదిహేను, పదహారేళ్ళ బౌలర్ నడుము నొప్పి అంటే బెణుకేలే అని తీసిపారేయరాదు.

భారతదేశంలో వెన్నెముక క్షయను మరువరాదు. ఆంగ్ల శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1779లో వర్ణించినందున దీనిని పాట్ వ్యాధి అని కూడా అంటారు. ఇది సాధారణంగా నెలల తరబడి నిదానంగా పెరుగుతుంది. సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పి వంటి సూచనలు ముందే ఇస్తుంది. ఐతే తినివేయబడిన వెన్నుపూస ఒకనాడు కూలినప్పుడు రోగికి నొప్పి ఆ రోజే మొదలైనట్టు తోస్తుంది. మధుమేహం అదుపులో లేనివారిలో, డయాలిసిస్ చేయించుకునేవారిలో చీము పుట్టించే సూక్ష్మజీవులు రక్తం ద్వారా డిస్కుకు చేరి కొద్ది రోజుల్లోనే భరించరాని నొప్పిని కలిగిస్తాయి, నాడుల చుట్టూ చీము చేరితే కాళ్ళు పడిపోతాయి. పశువుల పెంపకందారులలో, పాలు కాచకుండా తాగేవారిలో బ్రుసెల్లా జ్వరం కూడా వెన్నునే పట్టుకుంటుంది. రొమ్ము, ఊపిరితిత్తులు, మూత్రపిండం, ప్రొస్టేట్, థైరాయిడ్ గ్రంథుల క్యాన్సర్లు వెన్నుపూసలకు పాకుతాయి. ఒకప్పుడు క్యాన్సర్ వచ్చి తగ్గినవారికి కొత్తగా నడుము నొప్పి వస్తే వెంటనే పరీక్షించవలసిందే.

తెలుగు ప్రాంతాలకు ప్రత్యేకంగా సంబంధించిన రెండు స్థితులు ఇక్కడ చెప్పుకోవాలి. తాగునీటిలో ఫ్లోరైడు ఎక్కువైనందున వెన్నెముక బిగుసుకుపోయే వ్యాధిని భారతదేశంలో తొలిసారిగా 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే నివేదించారు; తరువాతి కాలంలో నల్లగొండ పేరు దీనితో ముడిపడింది. సంధిబంధనాలు ఎముకగా గట్టిపడి నాడులు వెళ్ళే కాలువ ఇరుకైనందున, ఏళ్ళుగా నడుము వంగనివారికి చిన్న పాటుకే కాళ్ళలో తిమ్మిరి, బలహీనత రావచ్చు. రెండవది సికిల్ సెల్ వ్యాధి. విశాఖ మన్యంలోను, ఆదిలాబాద్, భద్రాద్రి ప్రాంతాల్లోను ఆదివాసీ కుటుంబాలలో కనిపించే ఈ వంశపారంపర్య రక్తవ్యాధిలో కొడవలి ఆకారం దాల్చిన ఎర్రకణాలు సన్నని రక్తనాళాలను అడ్డుకొని ఎముకలకు రక్తం అందనీయవు. పిల్లలలో, యువకులలో నడుము, కాళ్ళు ఒక్కసారిగా భరించరానంతగా నొప్పెట్టడం దాని దాడికి గుర్తు. నిర్ధారణ కాని పిల్లవాడిని బెణుకు వైద్యానికి పంపితే జరిగే నష్టం చిన్నది కాదు.

నడుములో తెలిసే నొప్పి అంతా నడుములోనే పుట్టదు. మూత్రపిండంలోని రాయి మూత్రనాళంలోకి దిగినప్పుడు నొప్పి పక్క డొక్కలో మొదలై గజ్జ వైపు అలలుగా జారుతుంది. నడుము పట్టినవాడు కదలకుండా పడి ఉంటే, రాయి నొప్పి వచ్చినవాడు ఏ భంగిమలోనూ నిలవలేక మెలికలు తిరుగుతాడు. ఈ ఒక్క తేడా చాలాసార్లు రోగనిర్ణయానికి దారి చూపుతుంది. చలిజ్వరంతో పాటు డొక్క నొప్పి ఉంటే మూత్రపిండానికి సోకిన వ్యాధి కావచ్చు. క్లోమగ్రంథి వాపులో పొట్ట పైభాగపు నొప్పి వీపులోకి గుచ్చుకుంటుంది. నెల తప్పిన స్త్రీకి నడుము, పొత్తికడుపు నొప్పితో కళ్ళు తిరిగితే గర్భం అండవాహికలో నిలిచి పగిలిందేమోనని ముందుగా అనుమానించాలి. పొగతాగే అలవాటున్న, అరవై అయిదేళ్ళు దాటిన పురుషునికి నడుములోను కడుపులోను అకస్మాత్తుగా చీల్చినట్లు నొప్పి వచ్చి రక్తపోటు పడిపోతే, పొట్టలోని బృహద్ధమని ఉబ్బి పగిలి ఉండవచ్చు. అక్కడ నిమిషాలు విలువైనవి. సర్పి కూడా దద్దురు తేలడానికి రెండు మూడు రోజుల ముందే నడుముకు ఒక పక్క పట్టీలాగా మంట పుట్టిస్తుంది.

వెన్నులోనే పుట్టే కారణాలలో క్షణం ఆలస్యం చేయరానిది వెన్నుపాము చివరి నాడుల కుచ్చు నలగడం. పెద్ద డిస్కు ముక్క కాలువలో అడ్డుపడినప్పుడు రెండు కాళ్ళలోకి నొప్పి దిగుతుంది. మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు, అంటే జీను మీద కూర్చున్నప్పుడు ఆనే భాగంలో స్పర్శ పోతుంది. మూత్రం నిలిచిపోతుంది, లేదా తెలియకుండానే పడిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో శస్త్రచికిత్స జరగకపోతే మూత్రవిసర్జన మీద అదుపు శాశ్వతంగా పోవచ్చు. ఈ విషయం సిగ్గువల్ల రోగి చెప్పడు, తొందరలో వైద్యుడు అడగడు.

జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పూర్వం క్యాన్సర్, పడిపోవడం, స్టిరాయిడ్ల వాడకం, కాళ్ళలో పెరుగుతున్న బలహీనత, పడుకున్నా తగ్గని నొప్పి వంటి వాటిని ప్రమాద సూచనలంటారు. విడివిడిగా చూస్తే వీటిలో చాలా వాటి బలం తక్కువే. యాభై దాటిన వయసు ఒక్కటే ఉంటే దాదాపు ఏమీ రుజువు కాదు, రెండు మూడు కలిసినప్పుడు మాత్రం ఉపేక్షించరాదు.

ఇవేవీ లేనివారిలో ఎక్కువమందికి ఆరు వారాల లోపు నొప్పి బాగా తగ్గుతుంది. ఎదురుకాళ్ళతో పుట్టినవారి చేత నడుము తొక్కించుకుంటే పట్టు వదులుతుందన్న నమ్మకం తెలుగు పల్లెల్లో ఇంకా ఉంది. తొక్కినా తొక్కకపోయినా తగ్గే నొప్పి కనుకనే ఆ నమ్మకం బతికింది, కాని ఎముకలు గుల్లబారిన ముసలమ్మ వెన్ను మీద ఆ పని చేస్తే వెన్నుపూస విరగవచ్చు. మంచం పట్టమన్న పాత సలహా కూడా నిలబడలేదు. ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో 186 మంది నగర ఉద్యోగులపై జరిగి 1995లో ప్రచురితమైన పరీక్షలో, రెండు రోజులు పడుకున్నవారి కంటే, ప్రత్యేక వ్యాయామాలు చేసినవారి కంటే, ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు చేసుకున్నవారే త్వరగా కోలుకున్నారు. సిడ్నీలో 1,600 మందికి పైగా రోగులపై జరిపి 2014లో ప్రకటించిన పరీక్షలో పారాసిటమాల్ వాడినవారు, మందు లేని ఉత్త మాత్ర వాడినవారు ఇంచుమించు ఒకే కాలంలో, పదహారు పదిహేడు రోజుల్లో కోలుకున్నారు. 2023లో వెలువడిన మరో ఆస్ట్రేలియా పరీక్షలో నల్లమందు జాతి మందు కూడా ఉత్త మాత్ర కంటే మెరుగు కాలేదు. తగ్గిన నొప్పి ఏడాది లోపు తిరిగి రావడం చాలా సాధారణం. దాన్ని కొంతవరకు ఆపగలిగినది క్రమం తప్పని వ్యాయామం, ముఖ్యంగా నొప్పి గురించిన అవగాహనతో కలిసినప్పుడు. నడుము బెల్టులకు, చెప్పుల్లో వేసుకునే మెత్తలకు ఆ శక్తి ఉన్నట్లు పరిశోధనలలో తేలలేదు.